మూడో స్విచ్చుకు బొట్టు

వినోదకు చేతులున్నాయి గానీ నోరు లేదని సంపత్ ఎప్పుడూ అంటుండేవాడు. అందులో సగం మెచ్చుకోలు. కరీంనగర్‌లో కంప్యూటర్లకు, కెమెరాలకు వైర్లు వేసే అతని దుకాణంలో చేరిన నాటి నుంచి ఆమె బిగించిన వైరును ఎవరూ మళ్లీ విప్పి బిగించాల్సి రాలేదు. మిగతా సగం మాత్రం నిజంగా కొరతే. పనికి వెళ్లిన చోట ఎవరైనా "ఏమైంది, ఎప్పటికైతది?" అని అడిగితే ఆమె సంపత్ వైపు చూసేది. సంపత్ పక్కన లేకపోతే నేల వైపు చూసేది.

గురువారం పొద్దుగూకే వేళ అతను ఒక అట్టపెట్టె తెచ్చి ఆమె ముందు పెట్టాడు.

"రేపు ఇచ్చోడకు నువ్వొక్కదానివే పో. నాకు జగిత్యాలల పనున్నది, రానీకి వీలైతలేదు."

"నేనొక్కదాన్నేనా అన్నా?"

"ఏం, బస్సెక్క రాదా నీకు? సూడు వినోదా, సాఫ్ జెప్తున్న. గీ పని మంచిగ చేసుకొస్తివా, ఆదిలాబాద్ దిక్కు పనులన్నీ నీకే అప్పజెప్త. ఆడికి పోయి మల్ల మూగనోము పట్టినవనుకో, ఇంకోన్ని పెట్టుకుంట. నువ్వు దుకాణంల ఫోన్ కాడ కూసోవాలె."

రోజంతా ఫోన్లో మాట్లాడుతూ కూర్చోవడం! వినోదకు ఇష్టమైనవి వేరు. మెట్ల కింది చీకటి గది, అందులో ఆగకుండా తిరిగే చిన్న ఫ్యాన్ల రొద, ఎక్కడో తెగిన దారి దొరకగానే టక్కున వెలిగే పచ్చ దీపం. వాటిని వదిలి ఫోన్ దగ్గర కూర్చోవడమంటే ఆమెకు ఇంట్లోంచి బయట నిలబెట్టినట్టే.

"రెండే మాటలు యాదికి పెట్టుకో," అన్నాడు సంపత్. "ముట్టేముందు ఉన్నది ఉన్నట్టు నకలు తీసుకో. ఇంక కొత్తదాన్ని ఆపినంకనే కలుపు. నడుస్తుండంగ కలిపితే పెద్ద పంచాయితీ అయితది. సమజైందా?"

"అయింది అన్నా."

రెండో మాటను ఆమె ప్రత్యేకంగా గుర్తుపెట్టుకోవాల్సిన పని లేదు. సిరిసిల్లలో ఆమె తండ్రి బుచ్చిరాములు సాంచాలు నడుపుతాడు. మరమగ్గాలను అక్కడ అలాగే అంటారు. పోగు తెగితే సాంచా ఆపాలి, పోగు అతకాలి, ఆ తరువాతే మళ్లీ నడపాలి. ఒకసారి తొందరపడి నడుస్తున్న సాంచాలో చెయ్యి పెట్టినందుకు బాపు కుడి చూపుడు వేలికి గోరు లేదు. చిన్నప్పటి నుంచి ఆ వేలు పట్టుకునే ఆమె బడికి నడిచింది.

తెల్లవారకముందే బస్సెక్కింది. అట్టపెట్టెను, తాను అవ్వ అని పిలిచే తల్లి పాత చీరముక్కలో చుట్టి ఒళ్లో పెట్టుకుంది. నిర్మల్ వరకు కునికిపాట్లు పడింది, ఘాట్ ఎక్కుతుంటే లేచింది. కండక్టరు ఏం తీసుకపోతున్నవని అడిగితే ఏమీ లేదన్నట్టు తల ఊపింది. అంత పెద్ద పెట్టె ఒళ్లో పెట్టుకొని ఏమీ లేదనడం చూసి అతను నవ్వుకుంటూ వెళ్లిపోయాడు.

ఇచ్చోడ దాటాక హైవే పక్కన, పత్తి చేన్ల నడుమ, ఒక ట్రస్టు నడిపే ఆడపిల్లల కాలేజీ ఉంది. పిల్లలు అక్కడే ఉండి ఇంటర్ చదువుకుంటారు. గేటు దగ్గరికే వచ్చి ఎదురుచూస్తున్న ప్రిన్సిపాల్ మమతారాణి మేడం, వినోద వెనుక ఇంకెవరైనా దిగుతారేమో అని బస్సు వైపు చూసింది.

"సంపత్ రాలేదా అమ్మా?"

వినోద లేదన్నట్టు తల ఊపింది.

"సరే, రా. ఎట్లనన్న జేసి ఇయ్యాల రెండు గంటల వరకు ల్యాబు నడవాలె. మూడు శుక్రవారాలైంది, పిల్లలు నా పానం తింటున్నరు."

నడుస్తూనే సంగతి చెప్పింది. ఈ కాలేజీలో పిల్లల దగ్గర ఫోన్లు ఉండనివ్వరు. కానీ చాలామంది తండ్రులు మస్కట్‌లో, దుబాయిలో ఉన్నారు. అక్కడ వాళ్లలో చాలామందికి శుక్రవారమే సెలవు. అందుకని శుక్రవారం మధ్యాహ్నం ల్యాబులోని కంప్యూటర్లలో పిల్లలను వరుసగా కూర్చోబెట్టి తండ్రులతో ముఖాముఖి మాట్లాడిస్తారు. ల్యాబుకు పోయే స్విచ్చు చచ్చిపోయినప్పటి నుంచి ఆ మాటలు ఆగిపోయాయి.

స్విచ్చు అంటే గోడకుండే బటన్ కాదు. వెడల్పాటి ఇనుప పెట్టె, ముందువైపు వరుసగా రంధ్రాలు. ఒక్కో రంధ్రంలోంచి ఒక్కో వైరు ఒక్కో కంప్యూటరుకు పోతుంది. ఆ కాలేజీలో అలాంటివి నాలుగు, మెట్ల కింద గదిలో ఒకదాని మీద ఒకటి ఇనుప చట్రంలో బిగించి ఉన్నాయి. వెనుక లావుపాటి పొట్టి కేబుళ్లతో గొలుసులా కలపడం వల్ల నాలుగూ ఒకే పెట్టెలా పనిచేస్తాయి. అందులో ఒకటి పెద్ద. ఏ వైరు ఎటు పోవాలో దానికి తెలుసు, మిగతావి దాని మాట వింటాయి. నాలుగింటిలో మూడోది ఇప్పుడు నల్లగా, చప్పుడు లేకుండా ఉంది. మిగతా మూడు ఆఫీసును, కెమెరాలను, హాస్టలును నడుపుతూనే ఉన్నాయి.

ల్యాబు చూసుకునే దేవదాస్ సారు నెత్తి మీద తెల్ల వెంట్రుకలతో, చొక్కా జేబులో రెండు పెన్నులతో ఎదురొచ్చాడు. పెట్టెను రెండు చేతులా అందుకొని, పసిపిల్లను దించినట్టు గది బయట బల్ల మీద దించాడు.

వినోద ముందుగా లాప్‌టాప్ కలిపి, నడుస్తున్న మూడింటిలోని అమరికనంతా నకలు తీసి దాచింది. తరువాత చచ్చిపోయిన స్విచ్చు ముందు చాప వేసుకుని కూర్చుంది. సంచిలోంచి రంగు పోగుల ఉండ తీసింది. ఇంటి నుంచి తెచ్చుకున్నవి. ఏ రంధ్రంలోని వైరుకు ఏ రంగు పోగో కట్టుకుంటూ పోతే, కొత్తదానిలో పెట్టేటప్పుడు ఒక్కటి కూడా తప్పదు. ఎర్ర పోగు ఒక ముడి, ఎర్ర పోగు రెండు ముళ్లు, పచ్చ పోగు ఒక ముడి. వైర్లన్నీ తీసి, పాత పెట్టె వెనుక కేబుళ్లు ఊడదీసి, దాన్ని చట్రంలోంచి బయటికి లాగేసరికి చెమట పట్టింది.

వెనక్కి తిరిగేసరికి గదిలో ఊదుబత్తుల వాసన.

బల్ల మీద కొత్త స్విచ్చుకు పసుపు రాసి, మూడు కుంకుమ బొట్లు పెట్టి ఉన్నాయి. పైన రెండు బంతిపూలు. పక్కన కొట్టిన కొబ్బరికాయ. వంట చేసే సక్కుబాయి కర్పూరం పళ్లెం పట్టుకొని నిలబడి ఉంది, పక్కన మేడం కూడా ఉంది. అన్నిటికంటే ముందు వినోద కళ్లకు కనబడింది వేరొకటి. స్విచ్చుకు కరెంటు వైరు పెట్టి ఉంది. దాని ముఖం మీద దీపాలు పచ్చగా వెలుగుతున్నాయి.

"పదిన్నరకు రాహుకాలం జొరవడ్తది బిడ్డా," అన్నాడు దేవదాస్ సారు సంతోషంగా. "గందుకే ముందుగాలనే ముట్టిచ్చిన. శుక్రవారం పూట లక్ష్మి లెక్క వెలుగుతుంది సూడు. ఇగ తీస్కపోయి పెడ్దాం."

"సార్, అది జర..." అంది వినోద.

"ఏం బిడ్డా?"

ముగ్గురూ ఆమె వైపే చూశారు. ఆపమని చెప్పాలి. చిన్న మాట. కానీ శుక్రవారం, బొట్టు పెట్టి, హారతిచ్చి వెలిగించినదాన్ని ఆపమనడం ఎలా ఉంటుందో ఆమెకు తెలుసు. వాళ్లింట్లో అవ్వ దేవుని దీపం దగ్గర గట్టిగా తుమ్మనివ్వదు. అయినా, కొన్నిసార్లు నడుస్తుండగా కలిపినా ఏమీ కాకపోవచ్చు. ఆ ఆలోచన ఎక్కడి నుంచో వచ్చి సాయంగా నిలబడింది. నోరు కట్టేసుకోవాలనుకునేవాళ్లకు అలాంటి ఆలోచనలు వెతక్కుండానే దొరుకుతాయి.

"ఏం లేదు సార్," అంది.

దీపాలు ఆరకుండా స్విచ్చును మోసుకుపోవడం ఒక ఊరేగింపైంది. దేవదాస్ సారు దాన్ని రెండు చేతుల మీద పట్టుకొని ముందు నడిచాడు. కరెంటు వైరు ఊడిపోకుండా ఎక్స్‌టెన్షన్ బోర్డు చేతపట్టుకుని సక్కుబాయి వెనుక నడిచింది. "మెల్లగ సారూ, తాడు గట్టిన లేగదూడ లెక్క లాక్కపోతున్నవ్ నన్ను," అని ఆమె గునిసింది. మేడం నవ్వుతూ, ఆన్‌లైన్ మీటింగు ఉందని ఆఫీసులోకి వెళ్లింది. వినోద కూడా నవ్వడానికి ప్రయత్నించింది.

స్విచ్చు మూడో అరలో కూర్చుంది. వినోద వెనక్కి వెళ్లి ఒక కేబుల్ పెట్టింది. రెండోది పెట్టింది. గొలుసు కలిసింది.

కాసేపు ఏమీ కాలేదు. తరువాత, పైనున్న రెండు స్విచ్చులూ కిందున్న ఒకటీ ఒక్కసారిగా ఆరిపోయాయి. ఫ్యాన్లన్నీ గాలిదుమారంలా లేచాయి. మళ్లీ దీపాలు వచ్చేసరికి పచ్చగా కాదు, పసుప్పచ్చగా వచ్చాయి. లాప్‌టాప్ తెర మీద వినోదకు అమరికంతా ఖాళీగా కనిపించింది.

ఆ కొత్త స్విచ్చు నిజానికి కొత్తది కాదు. కరీంనగర్‌లో ఒక ఆఫీసు ఖాళీ చేస్తే సంపత్ తెచ్చింది. అక్కడ అదే పెద్ద. దాని లోపలి రాతలన్నీ వినోద తుడిచేసింది గానీ, పెద్దరికపు అంకె మాత్రం వేరే మూలన దాగి ఉంటుంది, దాన్ని చూసుకోలేదు. ఆపి కలిపి ఉంటే ఆ అంకెతో పనే ఉండేది కాదు. అది వచ్చి, ఉన్న పెద్ద కింద ఒదిగి ఉండేది. వెలుగుతూ వచ్చింది కాబట్టి ఇద్దరు పెద్దలయ్యారు. ఎక్కువ అంకె ఉన్నదే గెలిచింది. గెలిచినదానికి ఈ కాలేజీ గురించి ఒక్క ముక్క కూడా తెలియదు. దాని ఖాళీ బుర్రనే మిగతా మూడూ తలకెత్తుకున్నాయి.

"నా మీటింగ్ బందైంది!" ఆఫీసులోంచి మేడం గొంతు వినిపించింది. కెమెరాల తెర నల్లబడిందని వాచ్‌మన్ వచ్చి చెప్పాడు. పొద్దున ఒక్క ల్యాబే పనిచేయలేదు. ఇప్పుడు ఏదీ పనిచేయడం లేదు.

వినోద బయటికి వెళ్లి మెట్ల పక్కన నిలబడి సంపత్‌కు ఫోన్ చేసింది. జరిగింది మూడు ముక్కల్లో చెప్పింది.

"నడుస్తుండంగ కలిపినవా?"

"ఊఁ."

"ఎందుకే?"

ఆమె నేల వైపు చూసింది.

"సరే, ఇంక ఏం ముట్టకు. నేనే బయలెల్లి వస్త. మూడు గంటలు పడ్తది. గంతదాంక గమ్మున కూసో, గదైతే నీకు మంచిగొస్తది."

ఫోన్ పెట్టేసింది. మూడు గంటలంటే రెండు దాటిపోతుంది. ఆ తరువాత తన జాగా ఎక్కడో కూడా తెలిసిపోయింది. దుకాణంలో, ఫోన్ పక్కన.

కిటికీ దగ్గర ఒక పిల్ల నిలబడి ఉంది. ఫస్టియరేమో, రెండు జడలు, ముక్కు మీద నిలవని పెద్ద కళ్లజోడు. మాటిమాటికీ దాన్ని వేలితో పైకి తోసుకుంటోంది.

"అక్కా, ఇయ్యాల సుత కాదా?"

"నీ పేరేంది?"

"మంజుల. మా బాపు మస్కట్ల ఉంటడు. నాకు అద్దాలొచ్చినయి గద, ఇంక జూడలే. ఫోన్ల అవ్వ జెప్పిందట. అద్దాలల్ల ఎట్లున్ననో జూస్తనని శుక్రవారం శుక్రవారం తెల్ల అంగీ ఏసుకొని కూసుంటుండట." పిల్ల నవ్వింది. "మా అవ్వేమో గుడ్లగూబ లెక్కున్నవంటది. బాపు ఏమంటడో."

వినోద ఆ కళ్లజోడు వైపు చూసింది. తరువాత తన చేతుల వైపు చూసుకుంది. వేళ్ల చివర్లు పసుపూ కుంకుమతో ఎర్రబడి ఉన్నాయి. ఆ పిల్లంత వయసులో తను బాపును ఆ వేలి గురించి ఎన్నిసార్లు అడిగిందో గుర్తొచ్చింది. ఎందుకు ఆపలేదు బాపూ అంటే, సేటు పక్కనే నిలవడ్డడు బిడ్డా, ఆపాలంటే మొకమాటమైంది, అనేవాడు. అంతే. మొకమాటానికి ఒక గోరు.

మళ్లీ ఫోన్ చేసింది.

"అన్నా, నువ్వు రాకు."

"ఏందీ?"

"నకలున్నది నా తాన. నేనే చేస్త. నువ్వు రాకు." అతను ఇంకేదో అనేలోపే పెట్టేసింది. సంపత్ మాట మధ్యలో ఫోన్ పెట్టేయడం ఆమె జీవితంలో మొదటిసారి.

గదిలోకి వెళ్లేసరికి మేడం, దేవదాస్ సారు, సక్కుబాయి చట్రం ముందు రోగి మంచం చుట్టూ నిలబడ్డట్టు నిలబడి ఉన్నారు.

"సార్," అంది వినోద. మళ్లీ అంది, ఈసారి గట్టిగా. "సార్, తప్పు నాదే. దీన్ని ఆపి కలపాలె. నాకు ముందుగాలనే తెలుసు. మీరు పూజ జేసిండ్రని నోరు రాలే. ఇప్పుడు దీన్ని ఆపాలె. ఆపకుంటే ఏదీ నడవది."

దేవదాస్ సారు ముఖం చిన్నబోయింది. "శుక్రవారం పూట వెలిగిచ్చినదాన్ని ఆర్పుతరా బిడ్డా? నా చేతులతోని ముట్టిచ్చిన. పిల్లల తండ్రులు ఏడేడనో ఉన్నరు, ఆళ్ల పేరు మీదనే మొక్కిన నేను."

ఆయన మొక్కింది ఎవరి కోసమో వినోదకు ఇప్పుడే తెలిసింది. అయినా నేల వైపు చూడలేదు.

"సార్, మా బాపు సాంచాలు నడుపుతడు. నడుస్తున్న సాంచాల పోగు అతకవోయి గోరు వోగొట్టుకున్నడు. ఆపుడంటే బంద్ పెట్టుడు కాదు సార్. పోగు కలిపేదాంక ఆపుడే. మల్ల మీ చేతులతోనే ముట్టిస్తురు."

ముందు కదిలింది సక్కుబాయి.

"జర ఆగుండ్రి," అంది. వంటింటికి వెళ్లి ఇత్తడి ప్రమిద, ఒత్తి, నూనె బుడ్డి తెచ్చింది. "మా అత్తగారు బేల ఊరి దిక్కుది. దేవునింట్ల దీపం తోమాల్నంటే, ముందుగాల పక్కన ఇంకో దీపం ముట్టిచ్చేది. అది వెలుగుతుంటే ఇది శాంతమైనా ఇంట్ల వెలుగు తప్పలే అన్నట్టు. గట్ల జేద్దాం. ఏం సారూ?"

"గది నూనె దీపం సక్కుబాయీ. గిది కరెంటుది."

"దేవునికి తెల్వదా ఏంది, కరెంటు బిల్లు ఆయనకు వస్తలేదా?"

మేడం పక్కకు తిరిగి నవ్వాపుకుంది. సక్కుబాయి మాత్రం నవ్వలేదు. ఒత్తిని స్విచ్చు మీది పచ్చ దీపం దగ్గరికి తీసుకపోయి, అక్కడి నుంచే అంటించుకుంటున్నట్టు కాసేపు పట్టుకుంది. తరువాత అగ్గిపుల్ల గీసి ముట్టించి, ప్రమిదను గోడవారగా, వైర్లకు దూరంగా పెట్టింది. దేవదాస్ సారు ఆ దీపాన్ని చూశాడు, స్విచ్చును చూశాడు. కళ్లు మూసుకొని ఏదో అనుకున్నాడు.

"ఆపు బిడ్డా," అన్నాడు.

వినోద కరెంటు వైరు పీకింది. పచ్చ దీపాలు ఆరిపోయాయి. గోడ పక్కన చిన్న వెలుగు కదలకుండా నిలిచింది.

ఆ తరువాత పని చేతులది. కొత్తదాని కేబుళ్లు ఊడదీసింది. మిగతా మూడింటినీ ఆపి మళ్లీ లేపింది. లాప్‌టాప్‌లో దాచిన నకలును వాటిలోకి ఎక్కించింది. మేడం గుమ్మం దగ్గరికి వచ్చి "ఎంతసేపమ్మా?" అని అడిగితే తల ఎత్తి, "కెమెరాలు, ఆఫీసు ఇప్పుడొస్తయి మేడం. ల్యాబుకు ఇంకో గంట," అని చెప్పింది. ఒక్కో దీపం పచ్చబడింది. బయట ఎవరో "వచ్చింది, వచ్చింది" అన్నారు.

మూడింటి నడక సాఫీగా ఉందని చూసుకున్నాక, కొత్తదాన్ని విడిగా ఒక మూలకు తీసుకెళ్లి ఆ దాగిన అంకెను తగ్గించింది. ఆపింది. ఆపినదాన్నే అరలో బిగించి, కేబుళ్లు కలిపి, రంగు పోగులు చూసుకుంటూ వైర్లు పెట్టింది. ఎర్ర పోగు ఒక ముడి. ఎర్ర పోగు రెండు ముళ్లు. పచ్చ పోగు ఒక ముడి. మొత్తం అయ్యాక లేచి నిలబడి పిలిచింది.

"సార్, రాండ్రి. బటన్ మీరే వెయ్యాలె."

దేవదాస్ సారు చేతులు కడుక్కొని వచ్చి వేశాడు. ఫ్యాను తిరిగింది. చాలాసేపు ఆ పెట్టె ఏమీ తేల్చుకోలేనట్టు మిణుకుమిణుకుమంది. మిగతా మూడింటిలో ఒక్క దీపం కూడా కదల్లేదు. చివరికి మూడోది కూడా వాటితో పాటు పచ్చబడింది. కొత్తగా వచ్చినది కొత్తగా వచ్చినట్టే ఒదిగి కూర్చుంది.

"గంతేనా?" అన్నాడు సారు.

"గంతే సార్. ఇంకోపారి సామాను వస్తే, పూజ మంచిగ జేసుకోండ్రి. కరెంటు మాత్రం నన్నడిగి పెట్టుండ్రి."

"అడుగుతం తియ్ తల్లీ," అన్నాడు ఆయన. కోపం లేదు.

రెండు దాటి కొంచెం సేపైంది. ల్యాబు నిండా గొంతులు లేచాయి. ఒకరి మాట ఒకరికి వినబడక పిల్లలు అరుస్తున్నారు. మెట్ల కింద వైర్లు సర్దుతున్న వినోదకు గోడ అవతల మంజుల గొంతు తెలిసింది. "బాపూ, కనవడ్తున్ననా? అగో, నువ్వు గట్ల నవ్వుతె నేను తీసేస్త!" అవతల ఎవరో మగమనిషి నవ్వుతూనే ఉన్నాడు.

ఫోన్ మోగింది. సంపత్.

"ఏమైంది?"

"నడుస్తుంది అన్నా."

"నడుస్తుందా? ఆళ్లతోని మాట్లాడింది ఎవరు మరి?"

"నేనే."

"ఏం మాట్లాడినవ్?"

"ఆపాలె అన్న."

"అంకె సూసుకోకపోవుడు నీ తప్పే," అన్నాడు సంపత్. "వచ్చినంక మాట్లాడుత."

"అవు అన్నా, నా తప్పే."

"మల్ల, సోమారం ఉట్నూర్ల ఒక పనున్నది. ఆడ ఆఫీసాయన బాగ లొల్లి మనిషి. పోతవా?"

"పోత."

ఫోన్ జేబులో పెట్టుకుంటుంటే సక్కుబాయి పళ్లెంలో కొబ్బరిముక్కలు, బెల్లం తెచ్చి చేతిలో పెట్టింది. ఆమె కళ్లు గోడవారన వెలుగుతున్న ప్రమిద మీద ఉన్నాయి. నూనె అడుగుకు వచ్చింది.

"బిడ్డా, నీ మిషిన్లు మంచిగున్నయి గద. ఇగ దీన్ని కొండెక్కనియ్యొచ్చునా?"

వినోద చట్రం వైపు చూసింది. నాలుగు వరుసలూ పచ్చగా మిణుకుతున్నాయి. ల్యాబులో ఎవరో పిల్ల పాట ఎత్తుకుంది, తండ్రికి వినిపించాలని కాబోలు.

"జర ఆగు అవ్వా," అంది. "ఆళ్ల మాటలు కానీ."

సక్కుబాయి నూనె బుడ్డి వంచింది.